గుర్తుపోగు

"సీల్ కరనే ఆయా" అన్నాడు సోమలింగం, భుజాన ఉన్న సంచీ దించకుండానే.

అన్నవి మూడే ముక్కలు. గోడాదరాలోని ఆ ఐదంతస్తుల బిల్డింగుకి ముచ్చెమటలు పట్టడానికి మొదటి ముక్కే సరిపోయింది. నిప్పు అంటుకుంటే తప్పించుకునే ఏర్పాట్లు లేవని, ఆ వీధిలో రెండు నెలలుగా ఒక్కో బిల్డింగుకీ మునిసిపాలిటీ వాళ్ళు తాళం వేసి, దాని మీద సీలు వేసి పోతున్నారు. వాచ్‌మన్ టీ గ్లాసు స్టూలు మీద పెట్టబోయి గాలిలో పెట్టాడు. అది పగిలే లోపల అతను లోపలికి పరుగెత్తాడు.

"సీల్‌వాలే ఆ గయే!"

కింది వరసలో చీరల దుకాణాల షట్టర్లు దడదడ దిగాయి. మాట మెట్లెక్కింది. మొదటి అంతస్తులో అది 'సీలు'గానే ఉంది. రెండో అంతస్తులో ఎంబ్రాయిడరీ మిషన్ల మోతలో 'సీలింగ్' అయింది. మూడో అంతస్తు దాటేసరికి సీలింగ్ పగుళ్ళిచ్చింది. నాలుగో అంతస్తులో, చీరలకి రాళ్ళు అంటించే నలభై మంది ఆడవాళ్ళ దగ్గరికి చేరేసరికి కప్పు కూలిపోయింది. ఇక వాళ్ళు ఆగలేదు. టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని దిగొచ్చారు. అందరికన్నా ముందు వజ్రమ్మ ఉంది. ఆమె అయిదు వేళ్ళకీ జిగురుతో అంటుకున్న తళుకురాళ్ళున్నాయి. ఆ క్షణాన సూరత్‌లో ఆమె అంత నగలు పెట్టుకున్న ఆడమనిషి లేదు.

గేటు దగ్గర మొగుడు కనిపించాడు.

"నువ్వా? కప్పు కూలిందంట గద?"

సోమలింగం ఆమె పెదాల వైపు చూశాడు. ఇరవయ్యారేళ్ళు సాంచెల మధ్య నిలబడ్డవాడు. ఆ మగ్గాల చప్పుడు ఎడమ చెవిని పూర్తిగా, కుడిచెవిని సగం తినేసింది. ఇంత గోల జరుగుతుంటే అతనికి వినిపించింది గాజు పగిలిన చప్పుడు ఒక్కటే, అదీ అనుమానంగా.

"చాయ్ ఛుట్టీ అయిందా?" అన్నాడు.

బిల్డింగ్ సెక్రటరీ మనుభాయ్ బొజ్జ మీద చేతులు వేసుకుని వచ్చి, హిందీలో అందరికీ వినపడేలా చెప్పాడు. దుకాణాలకి సీలు కాదు, కన్నాలకి. కరెంటు వైర్లు, కెమెరా వైర్లు, ఇంటర్నెట్ వైర్లు గోడల్లోంచి పోయే కన్నాలన్నీ ఈ మనిషి మూస్తాడు. గురువారం తనిఖీ. కన్నాలు మూస్తే బిల్డింగు తెరిచి ఉంటుంది. కన్నాలు తెరిచి ఉంటే బిల్డింగు మూస్తారు.

కన్నాలు వేసేవాళ్ళ గురించి వాళ్ళందరూ విన్నారు. కన్నాలు మూసేవాణ్ణి చూడటం అదే మొదలు. వజ్రమ్మ పక్కన కూర్చునే సుమన ఆమె మోచేతిని పొడిచింది.

"మీ ఆయనేనా వజ్రక్కా? పేరేంది?"

వజ్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆధార్ కార్డు రాసేవాడు అడిగితే, "వారాలల్ల రెండోది, శివుని గుళ్ళె నడిమిట్ల ఉండేది. రెండు కలుపుకో" అంది. వాడికి తెలుగు రాక, శివుడన్న ముక్క ఒక్కటే అర్థమై, భర్త పేరు దగ్గర 'మహాదేవ్' అని రాస్తే, దిద్దించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది.

"పెద్దోళ్ళ పేరు అడుగుతరానే? నడువుండ్రి పైకి. లాట్ ఆగం అయితది" అని అందరికన్నా ముందు మెట్లెక్కింది.

*

నిప్పు కంటే ముందు పొగ నడుస్తుంది. కింద ఎక్కడో ఒక స్విచ్చు మాడితే, ఆ పొగ తలుపు తట్టదు. వైరు వెంబడి కన్నంలోంచి పై అంతస్తుకి పోతుంది. దాని దారి మూయడమే సోమలింగం పని. పొగకి దారి లేకుండా చేసేవాడికి పొగడ్తకీ దారి ఉండదు. చేసిన పని గోడలో ఉంటుంది, చేసినవాడు గోడవతల ఉంటాడు.

ముందు బ్రష్షుతో కన్నంలో దుమ్ము తీసేవాడు. చిక్కుపడ్డ వైర్లని ఒక్కొక్కటే విడదీసి, మధ్యలో వేలు పట్టేంత సందు చేసేవాడు. రాతి ఉన్ని అని ఒకటుంది, రాయిని కరిగించి దూదిలా చేసినది. చేతికి తగిలితే సాయంత్రం దాకా దురద. దాన్ని కన్నం కన్నా కొంచెం పెద్దగా కోసి, నొక్కి కూరేవాడు. పైన వేలిమందం ఖాళీ వదిలి, ఎర్రటి సీలెంట్ ముద్ద గన్నుతో నింపి, తడి బద్దతో గోడతో సమానంగా నునుపు చేసేవాడు. ప్రతి వైరు చుట్టూ ఆ ముద్ద పట్టిందో లేదో చిటికెన వేలితో తిప్పి చూసేవాడు. తెగిన పోగుని మగ్గం అచ్చులోంచి లాగి ముడివేసిన వేళ్ళకి ఇది కొత్త పని కాదు, పాత పనికి కొత్త చొక్కా.

ముద్ద తడిగా ఉండగానే సంచిలోంచి ఆకుపచ్చ దారం కండె తీసేవాడు. జానెడు పోగు తుంచి, ఒక కొస ముద్దలోకి ఒత్తి, రెండంగుళాలు బయటికి వేలాడనిచ్చేవాడు. ఆ పైన లేబుల్ అంటించేవాడు.

లేబుళ్ళు నరహరి అచ్చు వేయించాడు. కన్నం నంబరు, తేదీ, చేసినవారి పేరు. భేస్తాన్‌లో ఒక రోజు శిక్షణకి వెళ్ళి కార్డు తెచ్చుకున్నది సోమలింగం ఒక్కడే కాబట్టి, అన్నిటి మీదా అతని పేరే. నరహరి ఈ పని సబ్‌కాంట్రాక్టు పట్టినవాడు, వజ్రమ్మకి చిన్నాయన కొడుకు. సోమలింగం పనిచేసే సాంచెల షెడ్డుకి తాళం పడ్డ వారానికే వచ్చి, "బావా, నా ఎంట రా" అని తీసుకుపోయినవాడు.

సోమవారం సాయంత్రం నరహరి వచ్చి, సోమలింగం కుడిచెవి పక్కకి వంగాడు. అతనితో మాట్లాడాలంటే ఆ పక్కకే రావాలని బంధువులందరికీ తెలుసు.

"ఎన్నయినయ్ బావా?"

"ముప్పై."

"మొత్తం నూటనలభై ఎనిమిది. ఇయ్యాల రేపట్ల కాదు గద ఇట్లయితే. గంత నునుపు ఎందుకు? పెండ్లికొడుక్కి నలుగు వెడుతున్నవా? జర హాత్ చలావ్."

"చలాయిస్తున్న."

"గీ పచ్చదారం ఏంది మళ్ళ?"

"అలవాటు."

నరహరి నవ్వాడు. ఫోను మోగింది. మాట్లాడుకుంటూ ఎడమ పక్కకి వెళ్ళిపోయాడు. ఆ పక్కన అతనేం మాట్లాడినా సోమలింగానికి సున్నాయే.

మంగళవారం సాయంత్రానికి కింది అంతస్తు, మొదటిది, రెండోది అయ్యాయి. అరవై ఒక్క కన్నాలు. అరవై ఒక్క పచ్చపోగులు. మెట్ల పక్కన నిలబడి చూస్తే గోడకి మొలకలు వచ్చినట్టుంది. సోమలింగానికి సంతోషం గానీ అలసట గానీ ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. సాంచెలు ఆగిపోయాక లోపల చాలా వాటికి చప్పుడు పోయింది. చేతులు చేస్తున్నాయి, అతను వాటి వెంట పోతున్నాడు.

బుధవారం పొద్దున నరహరి ఫోను చేసి, అరిచి చెప్పాడు. "బావా, మాల్ ఖతం. పల్సానా పోయి రాతి ఉన్ని తీసుకురా. గోడౌన్ కాడ నిలబడు, ఇస్తరు."

పల్సానాలో నిలబడ్డాడు. మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి, మాల్ రాలేదు, కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. డైయింగ్ మిల్లు కాలువలో నీళ్ళు గంట సేపు గులాబీరంగులో, గంట సేపు నీలంరంగులో పారాయి. సాయంత్రం అయిదింటికి ఆ మనిషే వచ్చి, అసలు నరహరి పేరు మీద మాలే రాసి లేదని చెప్పాడు. సోమలింగం ఖాళీ సంచీ మడిచి, బస్సెక్కాడు.

*

గురువారం తొమ్మిదింటికి బిల్డింగుకి వచ్చి మెట్లెక్కితే, మూడో అంతస్తు అయిపోయి ఉంది. నాలుగోదీ అయిపోయి ఉంది. ప్రతి కన్నమూ ఎర్రగా, గుండ్రంగా, పక్కన లేబుల్‌తో. లేబుల్ మీద తన పేరు. సోమలింగానికి ఇంగ్లీషు రాదు గానీ, తన పేరు ఏ లిపిలో ఉన్నా దాని బొమ్మ తెలుసు.

ఎనభై ఏడు. ఒక్క రోజులో. మాల్ లేకుండా.

ఒక కన్నం మీద అరచెయ్యి ఆనించాడు. గట్టిగానే ఉంది. గోరుతో గీస్తే ఎర్ర ముద్ద చొక్కాకి గంజి పెట్టినంత పల్చగా ఉంది, దాని కింద తెల్ల సిమెంటు. వైరు పట్టుకుని, పడుగు వదులైందా బిగువుందా అని చూసినట్టు, రెండు వేళ్ళతో కొద్దిగా లాగాడు. వైరు కదిలింది. సరైన కన్నంలో వైరు కదలదు. దానితో పాటు ముద్ద అంచున సన్నగా ఏదో బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపాడు. ముట్టుకుంటే చాలు, అతనికి పేరు తెలుస్తుంది. పాలిస్టర్ జార్జెట్. చీర కత్తిరించాక మిగిలే చిందీ. అంగట్లో గోనెల కొద్దీ దొరుకుతుంది. నిప్పు తగిలితే బూడిద కాదు, కరిగి మండే చుక్కలుగా కారుతుంది, ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది.

ఆ కొసని వేలితో లోపలికి తోసేశాడు.

నరహరి మెట్ల మీద ఎదురయ్యాడు. కొత్త చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టున్నాడు.

"నరహరీ. లోపల చిందీ ఉన్నది."

నరహరి అటూ ఇటూ చూసి కుడిచెవి దగ్గరికి వచ్చాడు. "ఒక్క దినం బావా. చెకింగ్ అయినంక మెల్లగ తీసి మళ్ళ మంచిగ చేద్దాం. నా మీద ఒట్టు. ఇయ్యాల పాస్ కాకుంటే ఏమైతది? తాళం. నలభై మంది ఇంట్ల కూసుంటరు. అండ్ల అక్క గూడ ఉన్నది. పెండ్లిళ్ళ సీజన్. ఇప్పుడు పని వొయిందంటే ఆళ్ళు వేరే తాన పెట్టుకుంటరు. నువ్వు సప్పుడు చెయ్యకు, గంతే."

చప్పుడు చేయకుండా ఉండటం సోమలింగానికి కష్టమైన పని కాదు. తల ఊపాడు. ఊపాడో లేదో అతనికే సరిగా తెలియలేదు.

నాలుగో అంతస్తు హాల్లో చీరలు పరిచి, ఆడవాళ్ళు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. వజ్రమ్మ చోటు గోడవార. ఆమె వీపుకి జానెడు పైన ఒక ఎర్ర కన్నం, పక్కన లేబుల్. లేబుల్ మీద, పేరు దగ్గర, కుంకుమ బొట్టు.

"పొద్దుగాల రాంగనే పెట్టింది" అని సుమన అతని కుడిపక్కకి వచ్చి అరిచి చెప్పింది. "మా వజ్రక్క పేరు నోట పలకదట గని బొట్టు వెడతదట. లేబుల్ సదువు సదువు అంటే, నంబర్ సదివి, తారీఖు సదివి, పేరు కాడికి వచ్చేసరికి దగ్గొచ్చిందట!"

అందరూ పడీ పడీ నవ్వారు. వజ్రమ్మ తల వంచుకుని, చీర మీద రాయి పెట్టి, గట్టిగా నొక్కింది. "నడిమిట్ల ఆ బొక్కలకెల్లి కాలిన వైర్ వాసన వస్తుండె. ఇప్పుడు లేదు" అంది, తన పెదాలు అతనికి కనపడేలా తలెత్తి. "నువ్వు లేకున్నా రాత్రికి రాత్రి నీ పేరు మీద మంచిగ మూసిండ్రు."

సోమలింగం ఆ బొట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో అనాలి. అనవలసింది ఎడమచెవి వైపు ఎక్కడో ఉండిపోయింది.

*

తనిఖీకి వచ్చిన అమ్మాయి పేరు హారతి. అగ్ని సంగతి చూడటానికి హారతే వచ్చిందని మనుభాయ్ జోకు వేస్తే, ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్న ముఖం పెట్టింది. ముప్పై ఏళ్ళుంటాయి. నెత్తిన పసుపు టోపీ, చేతిలో టార్చి, మెడలో ఫోను. సూరత్‌లోనే పెరిగిన తెలుగుపిల్ల.

కింది అంతస్తులో మొదటి కన్నం మీద టార్చి వేసింది. వేలాడే పచ్చపోగుని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"యే క్యా హై? ఫైర్ సీల్‌లో ఈ దారం, ధాగా ఏంటి? నిప్పు తగిలితే ఇది జలేగా కదా?"

రెండో కన్నం. ధాగా. మూడో కన్నం. ధాగా. ఆమె ఫోనులో ఒక్కొక్క దానికి ఎర్ర గుర్తు పెడుతూ పోయింది. రెండో అంతస్తు అయ్యేసరికి అరవై ఒకటికి అరవై ఒకటీ ఫెయిలు. మనుభాయ్ నరహరి వైపు చూశాడు. నరహరి కొత్త చొక్కా వీపు మీద తడి మచ్చ పెద్దదవుతోంది. సోమలింగం అందరి వెనక, నిచ్చెన మోసుకుంటూ, ఏం మాట్లాడుకుంటున్నారో వినపడకుండా, ఎర్ర గుర్తులు మాత్రం కనపడుతూ నడిచాడు.

మూడో అంతస్తు. దారాలు లేవు. ఆమె పెన్నుతో కొట్టి చూసింది. టక్. ఆకుపచ్చ గుర్తు. టక్. ఆకుపచ్చ. నరహరికి ఊపిరి వచ్చింది, దానితో పాటు మాట కూడా.

"మేడమ్, కింద అంతా ట్రయల్. జర ముసలాయన చేసిండు, చెవులు వినవడయ్. ఆ దారాలు ఇయ్యాలనే పీకేస్త. పైన మా స్పెషల్ టీమ్."

"స్పెషల్ టీమ్‌లో కూడా సోమలింగమేనా?" అంది హారతి, లేబుల్ మీద టార్చి వేస్తూ. "పైన కింద అదే పేరుంది. ఒకే మనిషి కింద ధాగా ఎందుకు పెట్టాడు, ఊపర్ ఎందుకు పెట్టలేదు?"

"కార్డు ఆయన పేరు మీద ఉంది మేడమ్. పేరుకే."

నాలుగో అంతస్తు హాల్లోకి వెళ్ళేసరికి ఆడవాళ్ళు పని ఆపకుండా చూశారు. టక్, ఆకుపచ్చ. టక్, ఆకుపచ్చ. గోడవార కన్నం దగ్గర ఆమె ఆగి నవ్వింది.

"దీనికి బొట్టెవరు పెట్టారు?"

ముప్పై తొమ్మిది వేళ్ళు వజ్రమ్మని చూపించాయి. ఆమె లేచి, గోడ నుంచి పక్కకి జరిగింది. హారతి పెన్ను ఎత్తింది.

మగ్గం మీద పోగు తెగితే నేసేవాడికి కోపం రాదు, బాధ రాదు. చెయ్యి దానంతట అది వెళ్ళి పిడి లాగుతుంది, సాంచె ఆగుతుంది. ఇప్పుడూ అంతే జరిగింది. సోమలింగం నిచ్చెన గోడకి ఆనించాడు. సంచిలోంచి బద్ద తీశాడు. హారతి పెన్నుకీ గోడకీ మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి, ముందు కుంకుమ బొట్టు ఉన్న లేబుల్‌ని చిరగకుండా ఊడదీసి, జేబులో పెట్టుకున్నాడు. తరువాత ఎర్ర ముద్ద చుట్టూ బద్ద తిప్పాడు. కింది సిమెంటుతో సహా బిళ్ళలా ఊడి పడింది. రెండు వేళ్ళు లోపలికి పెట్టి లాగాడు.

మెహందీ ఆకుపచ్చ వచ్చింది. దానికి చిక్కుకుని రాణీ రంగు వచ్చింది. దానికి నారింజ రంగు. లాగుతూనే ఉన్నాడు, వస్తూనే ఉంది. జాతరలో గారడీవాడు నోట్లోంచి రుమాళ్ళు తీసినట్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నారింజ ముక్క మీద తళుకురాళ్ళు అంటించి ఉన్నాయి.

"అరే, ఇది మన లాటే!" అంది సుమన. "పోయిన వారం ఖరాబ్ అయిన పీస్. గోనెల వేసినం గద."

కన్నంలోంచి, అడ్డం పోగానే, కాలిన వైరు వాసన మళ్ళీ వచ్చింది.

నరహరి ముందుకి దూకాడు. "చూడుండ్రి మేడమ్! కావాల్నని పెట్టిండు! లేబుల్ మీద పేరు ఎవరిది? ఈ ముసలోనిది. నిన్న ఈడ పనిచేసింది ఈయననే. నాకేం తెలుసు? కార్డు ఆయనది, పేరు ఆయనది!"

అదంతా ఎడమ పక్క నుంచి అన్నాడు. సోమలింగానికి వినపడలేదు. లాగిన చిందీని అలవాటు కొద్దీ బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టుకుంటూ, నూలు చుట్టినట్టు చిలప కడుతున్నాడు. మనుభాయ్ అతని వైపు చూశాడు. హారతి అతని వైపు చూసింది. "క్యా కాకా, నిజమేనా?" అని అడిగింది. అదీ ఎడమ పక్క నుంచే.

అతను ఏమీ అనకపోయేసరికి అది ఒప్పుకున్నట్టే అయింది.

"కాదు" అంది వజ్రమ్మ.

అందరూ తిరిగారు.

"అది సోమలింగం పని కాదు."

రాళ్ళు అంటించే వేళ్ళన్నీ ఆగిపోయాయి. సుమన నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. వజ్రమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయి, పెట్టుకోలేదు.

"మేడమ్, మేం సాలోళ్ళం, నేసెటోళ్ళం. సాంచెల కాడ డ్యూటీ మారేటప్పుడు, దిగినోడు ఎక్కడిదాకా నేసిండు, ఎక్కినోడు ఎక్కడికెల్లి నేస్తుండు, తెల్వాలె గద. అందుకు అంచుల ఒక రంగు పోగు ఏసుకుంటరు. గుర్తుపోగు. బట్టల తప్పొస్తే పోగు చూసి, గీ తప్పు వీనిది, గీ తప్పు వానిదని పట్టుకుంటరు. మా ఆయనది పచ్చపోగు. ఇరవయ్యారేండ్లకెల్లి పచ్చదే. అది సింగారానికి పెట్టింది కాదు. తప్పు చేస్తే నన్ను పట్టుకోండ్రి అని పెట్టింది. కింద పోగున్నయి ఆయన చేసినయి. పోగు లేనియి ఆయన చెయ్యలే. నిన్న ఆయన ఈడ లేనే లేడు, పగలంత పల్సానాల, రాత్రి ఇంట్ల. నరహరీ, నువ్వు పంపితెనే పోయిండు. చెప్పు."

నరహరి "అక్కా" అన్నాడు, అంతే.

హారతి ఆ మాటలన్నీ గుజరాతీలో మనుభాయ్‌కి చెప్పింది. మనుభాయ్ హిందీలో వాచ్‌మన్‌కి చెప్పాడు. వాచ్‌మన్ తలుపు దగ్గర గుమిగూడిన దుకాణాలవాళ్ళకి చెప్పాడు. ఈసారి మాట మారకుండా మెట్లు దిగింది. హారతి ఆ చిందీలోంచి ఒక ముక్క కోసి, మెట్ల దగ్గర ఇసుక బకెట్‌లో పాన్ ఉమ్మిన మరకల మధ్య పెట్టి, అగ్గిపుల్ల గీసింది. ముక్క ముడుచుకుని, నల్లగా బుడగలు కట్టి, మండుతూ బొట్లుబొట్లుగా ఇసుకలోకి కారింది. ఆ తరువాత ఆమె కిందికి వెళ్ళి, పోగు ఉన్న కన్నం ఒకటి తనే బద్దతో గీకి తెరిచి చూసింది. వైరు వైరుకీ మధ్య ఎర్ర ముద్ద, దాని వెనక బిగువుగా రాతి ఉన్ని. చాలాసేపు టార్చి వేసి చూసింది.

"కాకా పని ఎక్‌దమ్ మంచిగా ఉంది" అంది పైకి వచ్చి. "కానీ ధాగా ఉంటే పాస్ చేయలేను. రూల్. పైన మొత్తం ఫెయిల్. ఆజ్ హీ రిపోర్ట్ పంపాలి. అన్నీ సరిగా అయ్యేదాకా బిల్డింగ్ బంద్."

మూడింటికి గేటుకి కాగితం అంటించారు. ఆడవాళ్ళు సోమవారం దిగినట్టే టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని దిగారు. కాకపోతే ఈసారి పరుగు లేదు. సగం రాళ్ళు అంటిన చీరలు పైనే ఉండిపోయాయి. వజ్రమ్మ పక్కన ఎవరూ నడవలేదు. నరహరి ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

సోమలింగం సంచీతో గేటు బయట నిలబడి ఉన్నాడు. అతను చూసింది ఇంతే: తను చిందీ లాగాడు, నరహరి చేతులు ఊపాడు, తరువాత అందరూ ఒక్కసారి వజ్రమ్మ వైపు తిరిగారు, ఆమె పెదాలు చాలాసేపు కదిలాయి. ఆమె అతనికి పక్కగా నిలబడి ఉండటంతో ఆ పెదాలు చదవలేకపోయాడు. ఏమందో అడిగేవాడే గానీ, అడగడానికి కావలసిన ఓపిక ఎక్కడుందో దొరకలేదు.

సుమన కాసేపు తటపటాయించి, అతని కుడిపక్కకి వచ్చింది.

"కాకా, ఇనవడ్డదా నీకు? నువ్వే పెట్టినవని అన్నడు నరహరి. వజ్రక్క కాదన్నది. పచ్చపోగు సంగతి అందరికి చెప్పింది." ఒక్కక్షణం ఆగి, ఇంకా దగ్గరికి వంగింది. "నీ పేరు వెట్టి చెప్పింది. గంత మంది నడుమ."

"నా పేరా?"

"నీ పేరే. సోమలింగం అని."

బిల్డింగులో వాచ్‌మన్ దాకా అందరికీ తెలిసిన సంగతి అతనికి ఆఖరున తెలిసింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. లేబుల్ ఉంది. కుంకుమ వేలికి అంటింది.

"నాకు ఇనరాలే" అన్నాడు. "మళ్ళొకసారి అనుమను."

వజ్రమ్మ అప్పటికే పది అడుగుల ముందు ఉంది. సుమన కేక వేసింది. "వజ్రక్కా! మళ్ళొకసారి అనాల్నట!"

వజ్రమ్మ వెనక్కి తిరగలేదు. రోడ్డు దాటే చోట ఆటోలు పోయేదాకా ఆగింది. సోమలింగం వచ్చి పక్కన నిలబడ్డాడు, ఆమెకి కుడివైపున. అంటే ఆమె అతని ఎడమచెవి వైపు పడింది. ఆమె కొంగు సర్దుకుని, అతని వెనక నుంచి చుట్టూ తిరిగి, కుడిపక్కకి వచ్చి నిలబడింది.

ఏమీ అనలేదు. ఆటోలు పోయాక ఇద్దరూ రోడ్డు దాటారు.